బీడుకు పడిన బీట

పగిలిన ఇనుముకు ఒంటి సబ్బు రాసిన మనిషిని నేను. ఈ ముక్క ముందే ఒప్పేసుకోవడం మేలు. లేకపోతే మా ఊళ్ళో ఎవరో ఒకరు చెప్పేస్తారు, పైగా నాకంటే బాగా అభినయించి చెప్తారు. నిమ్మకాయ వాసన వచ్చే సబ్బు, సగం అరిగింది. ఇసకలో వెల్లకిలా పడుకుని, ట్రాక్టరు వెనకభాగం కిందికి దూరి, చంటిపిల్లకి నలుగు పెట్టినంత శ్రద్ధగా రుద్దాను. కారుతున్న నూనె ఆగింది. లేచి ఒళ్ళు దులుపుకుని, ఇంతమాత్రానికి మెకానిక్కులెందుకని నలుగురికీ వినిపించేలా అన్నాను. మర్నాడు పొద్దున చూస్తే సబ్బు నూనెలో నాని, ట్రాక్టరు నల్లటి నురగ కక్కుతోంది. పిచ్చికుక్క కరిచిన గొడ్డు ఎలా ఉంటుందో అలా ఉంది. వాసన మాత్రం నిమ్మకాయదే. ఆ నిమ్మకాయ వాసనా, ఆ నూనె కంపూ కలిసి ఈ రోజుకీ నా ముక్కులో కాపరముంటున్నాయి. మా ఇంట్లో స్నానాల సబ్బు మార్చేశాం.

ఆ ట్రాక్టరు మా నాన్నది. నౌపడ ఉప్పుమళ్ళలో ఉప్పు మోసి మోసి తుప్పు పట్టిపోయిన దాన్ని ఆయన వేలంపాటలో కొన్నాడు. పాటలో కొన్నది కదా, పాడటం దానికి మొదటినుంచీ వచ్చు. పాడవడం మా దగ్గరికొచ్చాక నేర్చుకుంది. దాన్ని తయారుచేసిన విదేశీ కంపెనీ ఏనాడో మూతపడింది. మా జిల్లా మొత్తం మీద దానికి అన్నదమ్ములు గానీ అప్పచెల్లెళ్ళు గానీ లేరు. రంగేమిటని అడిగితే ఎవరికి తోచింది వారు చెప్తారు.

భావనపాడుకి కాస్త ఎగువన, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది మా ఊరు. వేటనుంచి వచ్చిన పడవని కెరటాలకి అందకుండా ఇసక మీదికి లాగాలి. ఇదివరకు ఆ పని ఊరంతా కలిసి భుజాలతో చేసేది. నాన్న ట్రాక్టరు వచ్చాక భుజాలకి సెలవు దొరికింది. దానికి కూలి రూపాయల్లో ఉండదు, చేపల్లో ఉంటుంది. పడవకింత, వలకింత, మనిషికింత అని వేటని వాటాలు వేసినట్టే ట్రాక్టరుకీ ఒక వాటా వేస్తారు. నాన్న పోతూ పోతూ ఆ వాటా మా అప్పకి ఇచ్చిపోయాడు. అప్పంటే మా వైపు అక్క. ఆ చేపల్ని అమ్మి, అమ్ముడుపోనివి ఎండబెట్టి, ఆవిడ సంసారం నడుపుతోంది. ఒకప్పుడు వేటకెళ్ళిన బావ, భుజం పట్టేసి ఒడ్డున పడ్డాక, ట్రాక్టరు తోలుతున్నాడు. నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మేష్టర్ని. కాబట్టి పంపకాలు ఇలా తేలాయి: కాగితాల మీద పేరు నాది, వాటా అప్పది, స్టీరింగు బావది. మరమ్మతు ఎవరిదో మాత్రం నాన్న చెప్పలేదు.

వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం మొదలయ్యే ముందురోజు అది పగిలింది. ఆఖరి వేట గనక పడవ నిండుగా వచ్చింది. తడి ఇసకలో కూరుకుపోయింది. ట్రాక్టరుకి తాడు కట్టడానికి కింద ఒక కొక్కెం ఉంటుంది. దానికి కట్టాలంటే వంగాలి. బావ వంగడు. నిలబడే, సీటు వెనక చేతికందిన పైలంకెకి కట్టేశాడు. యజమాని హోదాలో పక్కనే ఉన్న నేను, అక్కడ కట్టొచ్చా అని అడగాల్సింది పోయి, కానీ బావా కానీ అన్నాను. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. టప్పుమని చప్పుడైంది. తాడు తెగిందనుకుని అందరం తాడు వంక చూశాం. తాడు నిక్షేపంలా ఉంది.

వెనక చక్రాల ఇరుసులనీ, లోపలి పళ్ళచక్రాలనీ కడుపులో దాచుకునే పెద్ద ఇనుప పెట్టె ఒకటుంటుంది. దాన్ని హౌసింగ్ అంటారు. హౌసింగ్ పగిలిందని నేను ఫోనులో చెప్తుంటే పక్కింటాయన విని, ఏ కాలనీలోది మేష్టారూ, బిల్లు పడిందా ఇంకా అని అడిగాడు. పగులు ఆ పెట్టె వెనకగోడ మీద మొదలై అడుగుదాకా దిగింది. అందులోంచి కారేదాన్ని నైంటీ ఆయిలంటారు. నైంటీ అంటే బావ ఎరిగిన సరుకు వేరు. అది పట్టించిన మనిషి మర్నాటికి తేరుకుంటాడు. ఇది పట్టిన చొక్కా ఎన్నటికీ తేరుకోదు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు చేరి చేరి ఆ నూనె విరిగిన పాలతో కలిపిన కాఫీలా తయారైంది. అందులో ఇనుపరజను, ఇసక, ఎలా దూరిందో తెలియదు గానీ ఎండిపోయిన పీతకాలు ఒకటి. నేను కాఫీ మానేసి టీలోకి వచ్చింది ఆ వారమే. సబ్బు సంగతి కూడా ఆ వారందే.

సబ్బు కథ ఒడ్డంతా పాకాక పడవలవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. ఉప్పు కాంట్రాక్టరు ఒకాయన, అదే వాటాకి తన కొత్త ట్రాక్టరు పంపుతానన్నాడట. నిషేధం తీరిన రోజున నిండుగా వచ్చిన మొదటి పడవని మా ట్రాక్టరు లాగితే సరే. లాగకపోతే వాటా ఆ కొత్తదానికి. వాళ్ళని అనడానికేం లేదు. వాళ్ళ భుజాలు వాళ్ళవి.

ఆ సాయంత్రం అప్ప మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. వెనకాలే వచ్చిన బావ వీధరుగు మీద కూలబడ్డాడు.

"తమ్ముడూ, మీ బావ తాడు ఏడ కట్టినాడో, నువ్వు సబ్బు ఏడ రాసినావో నాకొద్దు. వాటా పోనాదంటే నాను బుట్టెత్తుకుని పరాయి పడవల కాడ బేరానికి నిలబడాల. ఈ వయసులో నాసేత ఆ పని సేయించకండి, ఇద్దరూ."

ఇద్దరూ అనే దగ్గర గొంతు కాస్త పెరిగింది. బావ అరుగు మీంచే, సబ్బు నాను రాయనేదు కదేటి అని గొణిగాడు.

నిషేధం రెండు నెలలుంటుంది. ఆ గడువులో సగం నేను ఫోన్లకే ఖర్చుపెట్టాను. శ్రీకాకుళంలో ట్రాక్టరు సామాన్లమ్మే ఒకాయన మా బండి ఫొటో చూసి, దీన్ని మ్యూజియానికి ఇచ్చేయండి మేష్టారూ, పేరొస్తాది అన్నాడు. పేరు సంగతి సరే, చేపలొస్తాయా అని అడగాలనిపించింది. అడగలేదు. నా పళ్ళు నేనే కొరుక్కుని, పాతదైనా సరే ఇంకో హౌసింగ్ దొరికితే మార్చేద్దామని, బావని వెంటబెట్టుకుని విజయనగరం వెళ్ళాను.

పాత ట్రాక్టర్లని కోసి ముక్కలుగా అమ్మే తుక్కు దుకాణం అది. చచ్చిన బళ్ళ దిబ్బ. నిలిచిన వాన నీళ్ళు, నీళ్ళ మీద నూనె రంగులు, రంగుల మీద దోమలు. ఒక పంది ఇంజను నీడలో పడుకుని, మేమేదో దాని ఇంటికి చుట్టాలమై వచ్చినట్టు విసుగ్గా చూసింది. దుకాణదారు, అచ్చం మీ బండిదే అని ఒక పెట్టె చూపించాడు. కొత్తగా ఎర్రరంగు వేసుకుని పెళ్ళికూతుర్లా ఉంది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. బావ దాని చుట్టూ తిరిగి, చేత్తో తట్టి, చెవి ఆనించి, కంచులా మోగుతోందని తీర్పు చెప్పాడు. నాకేమీ మోగలేదు. మోగలేదంటే నా చెవిని తప్పుపడతాడని తలూపాను. ఊపుతూనే గోటితో రంగుని గీరాను. బల్లలు గీరే పిల్లల్ని ఉద్యోగమంతా తిట్టి తిట్టి ఆ అలవాటు నాకే అంటుకుంది. రంగు పొర లేచింది. దాని కింద తెల్లటి పుట్టీ. ఇళ్ళ గోడలకి పూసే పుట్టీ. హౌసింగ్ కదా, సరిపోతుందనుకున్నాడు కాబోలు. పుట్టీ కింద, మాదానికి ఎక్కడైతే పగిలిందో సరిగ్గా అక్కడే, మాదానికంటే పొడుగైన పగులు.

దుకాణదారు ముఖంలో సిగ్గు ఇసుమంత లేదు. "నువ్వు గోకబట్టి కనిపించినాది మేష్టారూ. గోకకపోతే హాయిగా నడిసేది," అన్నాడు.

రోత పుట్టింది. అతని మీద ఎంతో, అంతసేపూ తలూపిన నా మీద అంతకంటే ఎక్కువ. గోటిసందులో ఇరుక్కున్న పుట్టీముక్క బస్సులో నాతోపాటే టిక్కెట్టు లేకుండా ఇంటిదాకా వచ్చింది. బావ దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చుని, చివరికి మా ఊరి మలుపులో, నాను ముందే అనుకున్నాను అన్నాడు.

ఇక అతికించడమే దారి. ట్రాక్టరుని నడుం దగ్గర విడగొట్టి, చక్రాలు ఊడదీసి, కడుపులోని సామానంతా గోనెపట్టాల మీద పరిచాం. నూనె నా మోచేతుల దాకా వచ్చింది. అన్నం తిందామని చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్తే ముద్దకంటే ముందు నూనె కంపు లోపలికి దూరేది. చెంచాతో తిన్నాను కొన్నాళ్ళు, ఏదో క్లబ్బు మెంబర్ని అయినట్టు. ఖాళీ పెట్టెని ఒక ఆటోట్రాలీ మీద వేసుకుని టెక్కలి దగ్గర ఒక వెల్డింగు షెడ్డుకి తీసుకెళ్ళాం.

వెల్డరుకి నోట్లో ఖైనీ, చెవిలో ఫోను పాట. ఉమ్మేటప్పుడు తప్ప మా వైపు తిరగడు. మొదటిసారి తిరిగినప్పుడు నేను సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాను. కొత్త చెప్పులు. ఆయన చూసి, పక్కకి నిలబడాల అన్నాడు, చెప్పులతో చెప్పినట్టు.

తరవాత పెట్టెని సుత్తితో కొట్టి చూసి, ఇది బీడు అన్నాడు.

బీడంటే దున్నకుండా వదిలేసిన నేల అని ఉద్యోగమంతా పిల్లలకి చెప్పినవాణ్ణి నేను. పోత ఇనుమునీ బీడంటారని నిఘంటువులో ఆ పక్కనే ఉంది. పరీక్షకి అక్కర్లేదని వదిలేసేవాణ్ణి. ఇప్పుడు పరీక్ష నాకే వచ్చింది. దున్నని నేలా బీడే, దున్నే బండీ బీడేనా అని మెచ్చుకోలుగా అన్నాను. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అయితే బీడుకు బీట పడిందన్నమాట అని ఇంకొకటి వదిలాను. వెల్డరు ఫోను చెవిలోంచి తీసేసి, బావతో అన్నాడు:

"ఈయనకి ఏటయినాది?"

"మేష్టరు," అన్నాడు బావ, రోగం పేరు చెప్పినట్టు.

బీడు వంగదట. వంగాల్సి వచ్చినప్పుడు విరిగిపోతుందట. మా బావ కూడా బీడేనన్నమాట అని నాలిక చివరిదాకా వచ్చింది గానీ మింగేశాను. వెల్డరు పగులు చివర చిన్న కన్నం వేసి, అది ఇంకా పాకకుండా ఆపాడు. గుంటలో బొగ్గులు పోసి, పెట్టె మొత్తాన్ని వేడెక్కించి, ఆ వేడి మీదే అతుకు పోశాడు. తరవాత పెట్టెని ఊకబూడిదలో నిలువునా పాతేశాడు. మాకు చెప్పింది ఒక్కటే: అది దానంతటదే చల్లారాలి, రేపు సాయంత్రం దాకా బూడిద కదపొద్దు, గాలి కూడా తగలకూడదు. చెప్పేసి, మర్నాడు ఎవరిదో పెళ్ళి భోజనముంది, మధ్యాహ్నం దాటాకే వస్తానన్నాడు. ఆ భోజనానికి మమ్మల్ని కూడా పిలిచి ఉంటే ఎంత బాగుండేదో.

మర్నాడు పొద్దున్నే బావ సంచితో షెడ్డు దగ్గర తయారయ్యాడు. సంచిలో పసుపు, కుంకుమ, కర్పూరం, ఒక కొబ్బరికాయ. మా వైపు కొత్త వల నీళ్ళలోకి దిగాలన్నా, పడవకి రంగేసినా, ఇంజను విప్పి బిగించినా కాయ కొట్టకుండా జరగదు. దాంట్లో నాకు పేచీ లేదు. నేనూ కొట్టినవాణ్ణే. కాకపోతే సాయంత్రం దాకా ఆగమన్నాడు కదా అన్నాను.

"సాయంత్రం వర్జ్యం. ఇప్పుడు బావున్నాది. అయినా కమ్మరోడు కత్తి కాల్సి ఏటి సేస్తాడు సెప్పు. నీళ్ళలో ముంచుతాడా, ముంచడా?"

"ముంచుతాడు."

"ఎందుకు?"

"గట్టిపడ్డానికి."

"మరి. ఇదీ అదే. పైగా ఇవి ఉత్త నీళ్ళు కావు."

ఇక్కడ నేను చేయాల్సిన పని, వెళ్ళి ఆ బూడిదగుంటకి అడ్డంగా పడుకోవడం. చేసిన పని, ఆ పోలికని మెచ్చుకోవడం. ఉపమానం బాగుంటే అర్థం కూడా బాగానే ఉంటుందని నమ్మి పద్యాలు చెప్పినవాణ్ణి. కత్తి ఇనుము వేరు, బీడు వేరు అని ముందురోజే ఒక మనిషి నా చెప్పుల మీద ఉమ్మి మరీ చెప్పినా నా బుర్రకి ఎక్కలేదు. బావ చీపురుతో బూడిద తోసి పెట్టె వీపు బయటపెట్టాడు. చెయ్యి ఆనించలేనంత వేడి. దూరంనుంచే పసుపు చల్లాడు. కర్పూరం బిళ్ళ విసిరితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే కరిగి పొగైపోయింది. అది శుభసూచకమన్నాడు. నేను చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ అప్ప ముఖం తలచుకుని, గంగమ్మ తల్లీ, ఆవిడ వాటా ఆవిడకి నిలబెట్టు అని మొక్కుకున్నాను.

కాయ పగిలింది. నీళ్ళు అతుకు మీద పడ్డాయి. సుయ్యిమంది, ఆవిరి లేచింది. కాలిన కొబ్బరి వాసన, ఏ వంటింట్లోనైనా ఆకలి పుట్టించే కమ్మటి వాసన వచ్చింది. ఆ కమ్మదనంలోంచి, పెద్ద శబ్దం కూడా కాదు, మెటిక విరిచినట్టు ఒక టిక్కు.

కళ్ళు తెరిచాను. అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనుంచి కొత్త గీత, వెంట్రుకంత సన్నంగా బయల్దేరి, నేను చూస్తుండగానే పాక్కుంటూ పోతోంది. కాయ కొడితే గాయమైంది.

బావ రెండు చిప్పలూ రెండు చేతుల్లో పట్టుకుని వాటి లోపలికి చూస్తున్నాడు.

"పువ్వొచ్చినాది మేష్టరు బావా," అన్నాడు.

నాకు కోపం రాలేదు. కోపానికి కాస్త గౌరవం ఉంటుంది. ఎదుటిదాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు. నాకు వచ్చింది డోకు. ఆ పెట్టె మీద, బూడిద మీద, తడిసి పేస్టైన పసుపు మీద, ఇంకా పాట పాడుతున్న ఎవరిదో ఫోను మీద, జోడించిన నా చేతుల మీద. వాటిని విడదియ్యడం కూడా మరిచిపోయి అలాగే నిలబడి ఉన్నాను.

మధ్యాహ్నం దాటాక వెల్డరు వచ్చాడు. గొంతుకూర్చుని చూశాడు. పసుపుని వేలితో రాసి, వాసన చూశాడు. కాయ ఎవలు కొట్టినారు అని నెమ్మదిగా అడిగాడు. బావ షెడ్డు రేకుల వంక చూశాడు. నేను బావ వంక చూశాను. ఇక దాన్ని నిప్పుల్లో పెట్టనన్నాడు వెల్డరు; ఎన్నిసార్లు కాలిస్తే అన్నిసార్లు పగులుతుందట. లావు ఇనుప ప్లేటు కోసి, రెండు పగుళ్ళూ కప్పేలా పెట్టి, చుట్టూ బోల్టులు బిగిస్తానన్నాడు. కారదా అని అడిగాను. కారతాది, కారుకుంటూనే లాగతాది అన్నాడు. లాగదేమో అని అడిగితే, మీ ఇద్దరూ దూరంగా ఉంటే లాగతాది అన్నాడు. ఆ పూట షెడ్డులో అందరూ నవ్విన మాట అదొక్కటే.

పని పూర్తయ్యాక అది హౌసింగులా లేదు, బొంతలా ఉంది. అతుకు, అతుకు పక్కన పగులు, పగులు మీద ప్లేటు, ప్లేటు చుట్టూ గుండీల్లా బోల్టులు. ఇంటికి తెచ్చి బండి బిగించేసరికి నిషేధం తీరే రోజు దగ్గరపడింది. ఆటోట్రాలీ వెనక పెట్టెకి ఆనుకుని కూర్చున్న బావ దారంతా మాట్లాడలేదు. సిగ్గుపడ్డాడేమో పాపం అనుకున్నాను. కాదు, కథ అల్లుతున్నాడు. ఊరు చేరగానే టీ బడ్డీ దగ్గర దిగి అందరికీ చెప్పాడు: లోపల దోషం దాగుంది, కాయ కొట్టబట్టి అక్కడే బయటపడింది, లేదంటే నిండు పడవని లాగుతుండగా పగిలి ఎవరి కాలో పోయేది. వింటున్నవాళ్ళు తలలూపారు. తలూపడం ఎంత తేలికో నాకు తెలుసు గనక వాళ్ళని ఏమీ అనలేదు. పువ్వొచ్చిన సంగతి కూడా చెప్పాడు. ఆ విధంగా మా మధ్య ఇంకో పంపకం జరిగింది: సబ్బు నాకు, మహిమ బావకి.

నిషేధం తీరిన తెల్లవారుజామున పడవలు వెళ్ళాయి. ఎండెక్కేసరికి ఒడ్డున రెండు ట్రాక్టర్లు నిలబడ్డాయి. ఒకటి ఉప్పు కాంట్రాక్టరుది, నీలంది, పాటలు పెట్టుకుని ఉంది. దాని డ్రైవరు మాదాని చుట్టూ తిరిగి, ఇది నడుస్తాదా, నడిపించుకుని తెచ్చినారా అని అడిగాడు. బావ పట్టించుకోలేదు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి, ఇలాంటివి ఆయనకి అంటవు.

మొదటి పడవ కవళ్ళ చేపలతో నిండుగా వచ్చింది. ఈసారి తాడు నేనే కట్టాను, వంగి, కింద కొక్కేనికి. అక్కడ పట్టేసిన నడుం ఇంకా పూర్తిగా వదల్లేదు. అప్ప బుట్ట పట్టుకుని వచ్చింది. పడవ వంక చూడలేదు, చేపల వంక చూడలేదు, ట్రాక్టరు కిందికే చూస్తూ నిలబడింది. బావ గేరు వేశాడు. తాడు బిగిసింది. లోపల ఏదో మూలిగింది. ప్లేటు అంచున నల్లటి బొట్టు ఒకటి పుట్టి, లావై, ఇసకలో పడింది. వెనకే ఇంకొకటి. పడవ జానెడు కదిలి ఆగింది. ఆ ఆగినంతసేపూ అప్ప బుట్ట అంచుని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. పడవ మళ్ళీ కదిలింది. ఇసకని చీల్చుకుంటూ, ఎవరి భుజమూ పడకుండా, పైకి వచ్చేసింది.

నీలం ట్రాక్టరు పాట ఆపకుండానే వెనక్కి తిరిగింది. వాటాలు వేసేటప్పుడు పడవలవాళ్ళ పెద్ద, ట్రాక్టరు కుప్ప మీద రెండు చందువాలు ఎక్కువ వేశాడు. అప్ప వాటిని బుట్టలోకి తీసుకుని, వెళ్తూ వెళ్తూ ప్లేటు కింద వేలు పెట్టి ఆ నల్లటి బొట్టుని చూసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఛీ, ఏటి కంపు," అంది. రెండు నెలల్లో ఆవిడ ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను మంచివాణ్ణని మీరు అనుకునేవారు. కానీ బావ సీటు దిగకుండానే పడవ మనుషులతో, సూసినారా కాయ మహిమ అన్నాడు. ఆ రోజు అన్నాడు, మర్నాడూ అన్నాడు, రోజూ అన్నాడు. నడుం నాది, పాడైన చెప్పులు నావి, చెంచా భోజనం నాది. ఎంత మేష్టరుకైనా ఓర్పుకి ఒక హద్దుంటుంది.

పడవల మీద పేర్లు రాసే పెయింటరు ఊళ్ళోకి వచ్చాడు. బావ సంతకి వెళ్ళిన పూట చూసి, ట్రాక్టరు వెనక, సీటు కింద రేకు మీద, తెల్లటి గుండ్రటి అక్షరాలతో రాయించాను. చుట్టూ చిన్న కెరటం కూడా గీయించాను.

నీళ్ళు సముద్రంలో ఉన్నాయి. ఇక్కడ పోయకండి.

బావకి అక్షరాలు ఆనవు. కళ్ళజోడు పెట్టుకోడు, అది మేష్టర్ల సరుకట. సంతనుంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ రేకుని చాలాసేపు చూశాడు.

"ఏటి రాయించినావు?"

"గంగమ్మ తల్లి సంగతి బావా."

"అర్థం ఏటి?"

"నీళ్ళన్నీ ఆ తల్లి దగ్గరే ఉన్నాయి, ఇంకెక్కడా వెతకొద్దు అని."

అందులో అబద్ధం పెద్దగా లేదు. తాత్పర్యం చెప్పడం నా వృత్తి. బావ కదిలిపోయాడు. ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చినాది మేష్టరు బావా అని నా భుజం తట్టాడు. అప్పటినుంచి రోజూ బండెక్కే ముందు ఆ అక్షరాల పక్కన కుంకుమ బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటాడు. తరవాత సీటెక్కి, సముద్రానికి వీపు తిప్పి, పడవ లాగుతాడు. వెనక పడవ పక్కన నడిచేవాళ్ళు ఆ మాటని కూడబలుక్కుని, ఒక్కో అక్షరమూ సాగదీసి, గట్టిగా చదువుతారు. వాళ్ళ భక్తికి మెచ్చి బావ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తుతాడు. ఊరంతా కట్టుబాటు చేసుకున్నట్టు ఆయనకి ఒక్కరూ చెప్పలేదు. అప్ప కూడా చదివింది. చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ రాత్రి పులుసులో చందువా తల తమ్ముడి గిన్నెలో వేసి పంపింది.

మొన్న బావ మా గుమ్మంలోకి వచ్చి, అంత మంచి మాట వెనకాలే ఎందుకుండాల, ముందు కూడా రాయించు అన్నాడు. పెయింటర్ని మళ్ళీ పిలిపించాను. ఈసారి అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయమన్నాను.